అయిదుకి మూడు: ఒక ఐసొలేషన్ గదికి ఏసీ మెకానిక్ వేసిన మార్కులు

మార్కులు ముందే చెప్పేస్తాను, ఆత్రం ఉన్నోళ్లు చూసుకోని పోవచ్చు. అయిదుకి మూడు. మొదటి రాత్రి అడిగుంటే ఒకటి కూడా ఎక్కువే అనేవాణ్ణి. ఆసుపత్రి పేరు రాయను. తప్పు చూపిస్తే మొహం తిప్పుకోకుండా సరిచేసినారు, మళ్లీ తీసుకొచ్చి వీధిలో పెట్టడం బాగుండదు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అంతవరకు చాలు.

నాది కొర్లగుంట. ఇరవై రెండేళ్లుగా ఏసీ పని. స్ప్లిట్లు, డక్టింగు, కళ్యాణమండపాల బ్లోయర్లు అన్నీ చేస్తాను. 2020లో కరోనా టైములో చిన్న చిన్న ఆసుపత్రులోళ్లు ఫోన్ చేసి "నెగటివ్ ప్రెషర్ కావాలంట, కిటికీకి ఎగ్జాస్టు బిగించు" అంటే, రాత్రికి రాత్రి ప్లైవుడ్డు కోసి బిగించిన గదులు పదకొండు. ఈ లెక్కలు అప్పుడు వంటపట్టినవే. నేను డాక్టర్ని కాను. గాలి ఎటు పోతా ఉందో మాత్రం చెప్పగలను.

మా మేనమామది చంద్రగిరి పక్కన పల్లె. డెబ్బై దగ్గర పడినాయి. జీవితమంతా చెరుకు, బెల్లం. మూడు వారాలుగా దగ్గు, పొద్దు గూకితే జ్వరం. "గానుగ పొగలేరా" అని కొట్టిపారేసినాడు. ఒకనాడు దగ్గితే తువ్వాల మీద నెత్తుర చుక్కలు పడినాయి, అత్త నాకు ఫోన్ చేసింది. డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అనుమానం ఉందన్నాడు. గళ్ల పరీక్ష తేలేవరకు ఐసొలేషన్‌లో పెడదామన్నాడు. రిసెప్షన్‌లో రేటు చెప్పినారు: నెగటివ్ ప్రెషర్ రూము, రోజుకు 5,500, మందులు డాక్టరు ఫీజు వేరే.

"నెగటివ్ అంటా ఉండారు, మంచిది కాదేమోరా. ఇంకో రూము అడుగు" అన్నాడు మామ.

ఆయనకు ఎట్ల చెప్పినానో మీకూ అట్లనే చెప్తాను. బెల్లం పొయ్యికి వెనక పొగగొట్టం ఉంటుంది కదా. గొట్టం బాగా లాగుతా ఉంటే పొయ్యి నోటి కాడ కూచున్నోడికి పొగ తగలదు. గాలే బయట నుంచి నోట్లోకి పోతుంది. గొట్టం మసి పట్టి పూడుకుంటే అదే నోట్లోంచి పొగ మొహానికి కొడుతుంది. గదీ అంతే. లోపలికి పంపే గాలి కంటే బయటికి లాగే గాలి ఎక్కువుంటే లోపల పీడనం వరండాలో కంటే కొంచెం తగ్గుతుంది. ఇక తలుపు సందుల్లోంచి గాలి లోపలికే పోతుంది. రోగి దగ్గిన గాలి ఆ సందుల్లోంచి బయటికి రాకూడదు, గొట్టంలోంచి మేడ మీదికే పోవాలి. నెగటివ్ అంటే అదే.

"అట్లయితే నేను పొయ్యిలో కట్టెనా?" అన్నాడు. దగ్గుతా నవ్వినాడు పాపం.

ఆ "కొంచెం" ఎంత అనేది వింటే నమ్మబుద్ధి కాదు. గదికీ వరండాకీ తేడా కనీసం 2.5 పాస్కళ్లు ఉండాలంటారు. పాస్కల్ అంటే పీడనం కొలిచే లెక్క. పావు మిల్లీమీటరు ఎత్తు నీళ్లు కింద ఎంత ఒత్తుతాయో అంతే. మన చుట్టూ ఉన్న గాలి పీడనం లక్ష పాస్కళ్లకు పైమాట, అందులో ఇది నలభై వేల వంతు. చెవికి తెలీదు, చర్మానికి తెలీదు. ఇంత సన్నటి తేడా కాబట్టే తలుపు తెరిస్తే పోతుంది, ఫాల్స్ సీలింగులో వైరు కోసం పొడిచి వదిలేసిన బొక్కలు ఎక్కువైతే పోతుంది, ఫిల్టరు దుమ్ము పట్టినా పోతుంది.

రెండో లెక్క గాలి మార్పిడి. గంటకు పన్నెండు సార్లు గదిలో గాలి మారాలి, పాత కట్టడాలకు కనీసం ఆరన్నా ఉండాలి. ఇది అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క, చాలా చోట్ల దీన్నే పట్టుకుంటారు. మామ గది పన్నెండు అడుగులు, పది అడుగులు, ఎత్తు తొమ్మిది. అంటే 1,080 ఘనపుటడుగులు. పన్నెండుతో గుణించి అరవైతో భాగిస్తే నిమిషానికి 216 ఘనపుటడుగులు, మా భాషలో 216 సీఎఫ్‌ఎం. బాత్‌రూమ్ ఎగ్జాస్టు ఫ్యాను డబ్బా మీద కూడా ఇలాంటి అంకె కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. అది ముందు ఏ అడ్డూ లేనప్పటి లెక్క. దాని వెనక ఇరవై అడుగుల డక్టు, రెండు వంపులు, ఒక ఫిల్టరు పెట్టండి, ఎంత మిగులుతుందో చూడండి.

ఇంకో మాట, తిరుపతి ఎండల్లో అందరూ పొరబడేది ఇక్కడే. మామూలు స్ప్లిట్ ఏసీ గాలిని మార్చదు. గదిలో ఉన్న గాలినే లాక్కోని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదుల్తుంది. తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేసుకోని పదిమంది కూచుంటే, అందులో ఒకడికి టీబీ ఉంటే, మిగతా తొమ్మిదిమందికీ వాడి దగ్గు చల్లచల్లగా అందుతుంది. ఏసీలు అమ్మి బతికేవాణ్ణి నేనే చెప్తా ఉన్నాను.

గది సంగతికి వస్తాను. కట్టినోడికి పని తెలుసు. కొత్త గాలి వచ్చే గ్రిల్లు తలుపు వైపు సీలింగులో ఉంది. లాగే గ్రిల్లు రోగి తలాపున, గోడకు కింద. అంటే గాలి ముందు నర్సును తాకి, తర్వాత రోగిని దాటి బయటికి పోతుంది. ఇది తిరగబడితే రోగిని దాటిన గాలి నర్సు మొహానికి తగుల్తుంది, అట్లాంటివీ చూసినాను. తలుపుకు దానంతట అదే మూసుకునే క్లోజరు ఉంది. కిటికీ సిలికాన్‌తో బిగించేసినారు. లోపల నుంచి లాగిన గాలి మళ్లీ ఏ వార్డుకూ పోకుండా నేరుగా మేడ మీదికి పోతుంది. అట్ల పంపే దోవ లేనప్పుడే మధ్యలో హెపా ఫిల్టరు కచ్చితంగా కావాలి. 0.3 మైక్రాన్ల కణాలను నూటికి 99.97 పట్టేది హెపా. లేని లోటు ఒకటే, గదికీ వరండాకీ నడుమ చిన్న గది లేదు. అదుంటే ఒక తలుపు మూసినాక ఇంకోటి తెరుస్తారు. ఇక్కడ తలుపు తీస్తే నేరుగా వరండానే. స్థలం రేట్లు తెలిసినోడిని, దానికి మార్కు కొయ్యలేదు.

తలుపు పక్కన గోడకు గుండ్రటి ముల్లు మీటరు, గదికీ వరండాకీ పీడనం తేడా చూపించేది. ముల్లు మైనస్ ఎనిమిది పాస్కళ్ల కాడ నిలబడి ఉంది. చూసి మురిసిపోయినాను.

రోగికి తోడుగా వచ్చినోళ్లను లోపల పడుకోనివ్వరు. అది మంచిదే. లోపలికి పోయేటప్పుడు మనకు ఎన్95, మామకు మామూలు సర్జికల్ మాస్కు. రాత్రికి నా పడక తలుపుకు ఎదురుగా వరండా బెంచీ. నాతోబాటు వేరే రోగుల మనుషులు ఇంకో పదిమంది, చాపలు పరుచుకోని.

పదకొండయింది. నిద్ర రాలేదు. టిఫిన్ పార్శిల్‌తో వచ్చిన టిష్యూ పేపరు జేబులో ఉంది. వేలు వెడల్పున చీల్చినాను. తలుపు కింద అర అంగుళం సందు వదిలి ఉంటారు, గాలి లోపలికి పోయే దోవ అదే. అక్కడ ఆ పీలికను పట్టుకోని గొంతుక్కూచున్నాను. మైనస్ ఎనిమిది అంటే పీలిక తలుపు కిందికి నాలుక లాగినట్టు పోవాల. పోలేదు. ధ్వజస్తంభం మాదిరి నిలువుగా వేలాడింది. చెయ్యి వణుకుతా ఉందేమోనని మోకాలికి ఆనించి పట్టినాను. కాసేపటికి పీలిక కొన మెల్లగా కదిలింది. నా వైపుకి.

డ్యూటీ సిస్టర్ వచ్చింది. "ఏందన్నా, తలుపు కాడ పేపరు పట్టుకోని కూచుండావు? అగరబత్తి గానీ ముట్టించేవు, ఆక్సిజన్ ఉండాది లోపల."

"అందుకే పేపరమ్మా" అన్నాను. నిజమే, మామూలు చోట్ల అగరబత్తి పొగతో చూస్తాము. ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు ఊసే ఎత్తకూడదు. కంపెనీలోళ్లు దీనికి నిప్పు లేకుండా పొగ వచ్చే గాజు గొట్టాలు వాడతారు.

పీలిక ఆమెకే ఇచ్చి పట్టుకోమన్నాను. చూసింది. తలెత్తి మీటరు చూసింది. "మైనస్ ఎనిమిది ఉండాదే?" అంది. తలుపు ఒకసారి బార్లా తెరవమన్నాను. తలుపు తెరిస్తే ఏ మీటరైనా సున్నాకు రావాల, రెండు పక్కలా ఒకే గాలి కదా. ముల్లు కదల్లేదు. తలుపు మూయించి, గోరుతో అద్దం మీద టిక్కుమని కొట్టినాను. ముల్లు జారి సున్నా దాటి కొంచెం ప్లస్ వైపుకి పోయి నిలిచింది.

ఎన్నాళ్ల నుంచి అట్ల ఇరుక్కోని ఉందో. పుస్తకంలో మాత్రం మూడు పూటలా మైనస్ ఎనిమిది అని రాసుకుంటా పోయినారు. ఆ పిల్లది తప్పు కాదు, ఆమెకు ముల్లు చూసి రాయమన్నారు, రాసింది. నెగటివ్ గదిలో రోగి ఉన్నన్నాళ్లూ రోజూ ఒకసారి పొగతోనో పీలికతోనో కళ్లారా చూడాలనేది ఉంది, మీటరు ఉన్నా సరే. అది ఎవరూ చెప్పలేదు. నాకు కోపం వచ్చింది ఆ పీలిక చూసి కాదు, వెనక చాపల మీద నిద్రపోతా ఉన్న పదిమందిని చూసి.

మెయింటెనెన్స్ మనిషి రాత్రి లేడు. సూపర్‌వైజరుకు ఫోన్ కలిపించి నేనే మాట్లాడినాను. కొత్త గాలి పంపే బ్లోయరు ఆపెయ్యండి, బాత్‌రూమ్ ఎగ్జాస్టు వేసి దాని తలుపు తెరిచిపెట్టండి అన్నాను. లాగేది బలహీనంగా ఉన్నప్పుడు పంపేది ఆపితే లెక్క మళ్లీ నెగటివ్ అవుతుంది. గాలి మార్పిడి తగ్గుతుంది, మామకు చెమట పోస్తుంది, అయినా పీడనం మాత్రం లోపలి వైపుకి తిరుగుతుంది. పది నిమిషాలకు పీలిక లోపలికి వంగింది. గట్టిగా కాదు, ఒప్పుకోలుగా. వరండాలో పడుకున్నోళ్లను సిస్టర్ లేపి కింది హాలుకు పంపించేసింది. ఆమెకు విడిగా మార్కులుంటే అయిదుకి అయిదు.

పొద్దున్నే ఏడున్నరకు మెయింటెనెన్స్ అబ్బాయి వచ్చినాడు, పాకాల పిల్లోడు. ఇద్దరం మేడెక్కినాము. ఎదురుగా శేషాచలం కొండ, ఇంకా ఎండ ముదరలేదు. ఎగ్జాస్టు బ్లోయరు మూత తీస్తే లోపలంతా నల్లటి పొడి. బెల్టు అరిగి, సాగి, పుల్లీ మీద జారుతా ఉంది. మోటారు జోరుగా తిరుగుతా ఉంది, ఫ్యాను సోమరిగా తిరుగుతా ఉంది. కింద ప్యానెల్‌లో మోటారు లైటు పచ్చగా వెలుగుతా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? బి-42 బెల్టు. రేణిగుంట రోడ్డులో అంగడి తెరిపించి తెచ్చినాడు. నలభై నిమిషాల పని, నేను పట్టుకున్నాను, ఆ పిల్లోడు బిగించినాడు.

పొగగొట్టం మాత్రం బాగా పెట్టినారు. పిట్టగోడ దాటి పైకి నిలబెట్టినారు, కొత్త గాలి లాక్కునే జాలీ మేడకు ఆ చివరన. ఈ రెంటికీ నడుమ పాతిక అడుగులన్నా ఉండాల, ఇక్కడ అంతకంటే ఎక్కువే ఉంది. గొట్టానికి నాలుగడుగుల్లో దుప్పట్లు ఆరేసే తీగ కట్టుండారు, అదొకటి బాగలేదు. బయట గాలిలో కలిసి, ఎండ తగిలితే ఆ క్రిమికి పెద్దగా బతుకు లేదు గానీ, తీగ జరపడానికి ఏం ఖర్చు? ఆ పూటే జరిపించినారు.

అంగడికి పోయి నా గాలి మీటరు, అదే ఎనిమోమీటరు, తెచ్చుకున్నాను. మాస్కు వేసుకోని లోపల లాగే గ్రిల్లు కాడ పెడితే నిమిషానికి 230 అడుగుల వేగం. గ్రిల్లు సరిగ్గా చదరపు అడుగు, కాబట్టి దగ్గర దగ్గర 230 సీఎఫ్‌ఎం. కావలసింది 216. సాయంత్రానికి ముల్లు మీటరు కూడా మార్చినారు. తలుపు మూస్తే మైనస్ ఆరు, తెరిస్తే సున్నా, మళ్లీ మూస్తే నాలుగు క్షణాల్లో మైనస్ ఆరు. పీలిక తలుపు కింద పెడితే చేతిలోంచి గుంజుకోని లోపలికి పోయింది. అప్పుడు రెండో మార్కు, మూడో మార్కు వేసినాను.

మిగతా రెండు ఎందుకు రాలేదంటే, ఒకటి ఆ ఇరుక్కున్న ముల్లుకు. రెండోది డిశ్చార్జి రోజు జరిగిందానికి. మామను వీల్‌చెయిర్‌లో బయటికి తెచ్చిన పది నిమిషాలకు ఒక పిల్లోడు మాస్కు లేకుండా దుప్పట్లు మార్చడానికి లోపలికి పోతా ఉన్నాడు. గట్టిగా అరిచి ఆపినాను. గంటకు పన్నెండు మార్పిడులంటే అయిదు నిమిషాలకొకసారి గాలంతా కొత్తదైపోతుందని అనుకుంటారు. అట్ల కాదు. చెంబెడు మజ్జిగలోకి పైనుంచి నీళ్లు పోస్తా, పక్కనుంచి ఒలకబోస్తా ఉండండి. చెంబెడు నీళ్లు పోసినా మజ్జిగ పూర్తిగా పోదు, ఇంకా మూడో వంతుకు పైగానే మిగుల్తుంది. గాలీ అట్లనే కలిసి పలచబడుతుంది. పన్నెండు మార్పిడుల గదిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు పోవాలంటే 23 నిమిషాలు, వెయ్యికి 999 పోవాలంటే 35. ఆరు మార్పిడుల గదిలో ఇవే 46, 69. తలుపు మీద "35 నిమిషాల తర్వాతే లోపలికి" అని ఒక కాగితం అంటించమన్నాను. సరే సార్ అన్నారు. అంటించినారో లేదో చూడలేదు.

పక్క గది గురించి కూడా చెప్పాల, ఎందుకంటే బోర్డు మీద ఒకే మాట. దాని మీదా ఐసొలేషన్ అనే ఉంది. అందులో కీమోథెరపీ అవుతా ఉన్న ఒక ఆడమనిషి. మా పీలిక సర్కస్ చూసిన ఆమె భర్త నన్ను పిలిచి "మా తలుపు కాడ పేపరు బయటికి వంగుతాంది, మాదీ చెడిపోయిందా అన్నా?" అని గాబరాగా అడిగినాడు. చెడిపోలేదు, అది అట్లనే వంగాల. ఆమెకు రోగం తట్టుకునే శక్తి తగ్గి ఉంది, వరండా గాలి లోపలికి పోకూడదు. ఫిల్టరు చేసిన గాలిని ఎక్కువ పంపి, తక్కువ లాగుతారు, అప్పుడు గాలి లోపల నుంచి బయటికి తోస్తుంది. ఆపరేషన్ థియేటరూ అంతే. ఒకదాంట్లో లోకాన్ని రోగి నుంచి కాపాడతారు, ఇంకోదాంట్లో రోగిని లోకం నుంచి. ఈ ఇద్దరినీ తారుమారుగా పెడితే గతేమవుతుందో ఊహించుకోండి. ఒకే గదిని స్విచ్‌తో అటూ ఇటూ మార్చే ఏర్పాటు వద్దని రూళ్లు చెప్పేది అందుకే. బోర్డు మీద ఏ వైపు గాలో బాణం గుర్తు వేస్తే సగం గందరగోళం తీరుతుంది.

క్యాంటీను ఇడ్లీ పర్వాలేదు, చట్నీ నీళ్లు. లిఫ్టు నెమ్మది. బండి పెట్టుకోను చోటు లేదు. బిల్లులో మాస్కులకు వేరేగా వేసినారు, అడిగితే తగ్గించినారు.

గళ్ల పరీక్షలో టీబీయే తేలింది. రిఫాంపిసిన్ మందుకు లొంగే రకమే, అది మంచి కబురు. మందులు సర్కారు వైపు నుంచి ఉచితంగా వస్తాయి, పేరు నమోదు చేసి పంపించినారు. ఇంట్లో ఏం చెయ్యాలని అడిగితే డాక్టరు ఒక్కటే చెప్పినాడు: వేరే గది, కిటికీలు తెరిచిపెట్టండి.

అది విని మామ, "ఈ మాటకు రోజుకు అయిదున్నర వేలా? మా పెదనాయనను మదనపల్లె కాడ ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టినప్పుడు కూడా వరండాలో గాలికి మంచం వేసినారంట" అన్నాడు. ఆయన వెటకారంగా అన్నా అందులో విషయం ఉంది. పెరూ దేశం లిమాలో ఆసుపత్రులు కొలిచి 2007లో అచ్చేసిన పరిశోధన ఒకటుంది. కిటికీలు, తలుపులు తెరిచిపెడితే గంటకు 28 మార్పిడులు వచ్చినాయంట, మిషను పెట్టిన గది లెక్క పన్నెండుకు రెండింతల పైన. ఎత్తు సీలింగు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాల్లో ఇంకా ఎక్కువ. కాకపోతే కిటికీ గాలి ఈ పూట ఇటు, రేపు అటు. గాలి ఆడని రోజు అసలే ఉండదు. తలుపు అవతల పదిమంది చాపలేసుకోని పడుకునే చోట దాన్ని నమ్ముకోలేం. పల్లెలో, చుట్టూ చెరుకుతోట ఉన్న ఇంట్లో నమ్ముకోవచ్చు.

మామ గదికి రెండు కిటికీలున్నాయి. ఒకటి తెరుచుకుంటుంది. రెండోది మేకులు కొట్టి మూసేసుంది, ఆరేళ్ల కింద. ఎందుకంటే కోతులు. కొండ మీద నుంచి దిగొచ్చి బెల్లం ఎత్తుకోని పోతాయి. ఒక కిటికీతో గాలి లోపలికి వచ్చి ఎటు పోతుంది? ఎదురుబొదురు రెండూ ఉంటేనే పారుతుంది. నేను మేకులు పీకుతా ఉంటే మామ వసారాలో కూచోని, మాస్కులోంచే, "కోతులు వస్తాయిరా" అని నాలుగు సార్లన్నాడు.

ఇనుప జాలీ, చెక్క ఫ్రేము, కూలీ కలిపి 1,850 అయింది. బిగించినాక జేబులో మిగిలిన టిష్యూ పీలిక ఒకటి జాలీకి కట్టినాను. బయటి వైపుకి రెపరెపలాడింది.

"ఇదీ నెగటివేనా?" అన్నాడు మామ.